లేసు అల్లికను గూర్చి చదువదగిన పుస్తకము

1931లో పూర్తియైన మన నిజాంసాగరమును దాటిన మంజీర కందకుర్తియొద్ద గోదావరిం గలియును. ఆ గోదావరియే వశిష్ఠ పాయయై నర్సాపురము ప్రక్కగా సముద్రమును జేరుచున్నది. ఆ ప్రాంతపు స్త్రీలు కొక్కెపు సూదితో నూలు లేసు నల్లుదురు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు వారికీ విద్య నేర్పిరి.

అల్లికయం దభిరుచి గలవారు కుట్లు నేర్పు పుస్తకములనే వెదకెదరు. అవియు వలసినవే. నేను మాత్రము జర్మను విదుషి మరియా మీస్ 1982లో ఆంగ్లమున ప్రకటించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ ను ముందు చదువుడని చెప్పుదును. ఇంటిపట్టున గంటలకొలది యల్లు స్త్రీని లోకము గృహిణి యనియే తలచెను గాని పనివారిలో లెక్కింపలేదనియు, ఆ లేసును విదేశముల కంపిన వర్తకులకే లాభము చేరెననియు నామె చూపినది. కామారెడ్డి సీమలో నింట గూర్చుండి బీడీలు చుట్టు తల్లుల నెరిగిన మనకీ సంగతి క్రొత్త గాదు.

ఇంగ్లీషు చదివిన మనుమరాలిచే నర్థము చెప్పించుకొనుడు. కూలి లెక్కలున్న పుటలయొద్ద మాత్రము మెల్లగా చదువుమనుడు.