ఫ్లూ జ్వరాల లెక్క: మరణాల రిజిస్టరు నుంచి ఆసుపత్రి బిల్లు వరకు – తెలుగు ప్రాంతాల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఋతువుల వెంట వచ్చిపోయే ఫ్లూను రోగి రోగిగా లెక్కించడం దుస్సాధ్యం. అందువల్ల వేరొక అవసరానికి రాసిన రికార్డుల నుంచే దాని వ్యాప్తిని అంచనా వేయవలసి వస్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో మరణాల రిజిస్టరు ఆ పనికి ఉపయోగపడింది. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఆసుపత్రి బిల్లు ఆ స్థానంలోకి వచ్చింది. ఈ మార్పు తెలుగు ప్రాంతాల్లో ఎంతవరకు సాగిందో, ఎక్కడ ఆగిందో హైదరాబాదు తూర్పు అంచున ఉన్న పెద్ద అంబర్‌పేట్ పరిసరాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫ్లూ, విషజ్వరం, మరణాల నమోదు, ఆరోగ్యశ్రీ, బిల్లుల సమాచారం, పెద్ద అంబర్‌పేట్.

1. ఉపోద్ఘాతం:
పడిశం, రొంప, సర్ది, జలుబు – ప్రాంతాన్ని బట్టి తెలుగువారు వాడే ఈ మాటలన్నీ లక్షణాలను చెబుతాయే గాని వ్యాధికారకాన్ని చెప్పవు. వానాకాలంలో పత్రికలు విరివిగా వాడే ‘విషజ్వరాలు’ అనే మాట ఇంకా విశాలమైనది. డెంగీ, టైఫాయిడ్, మలేరియా, ఫ్లూ అన్నీ అందులో ఇమిడిపోతాయి. జనవ్యవహారంలో ఇది లోపం కాదు. కాని ఒక పట్టణంలో ఫ్లూ ఏ వారం మొదలై, ఏ వారం తగ్గిందో తెలుసుకోవాలంటే ఈ మాటలు సరిపోవు. ఆ వివరం తెలియకపోతే టీకా ఏ నెలలో వేయాలో, ఆసుపత్రిలో పడకలు ఎప్పుడు సిద్ధం చేయాలో నిర్ణయించడం కష్టం.

2. మరణాల రిజిస్టరు చూపిన దారి:
ఇంగ్లండులో 1837లో జనన మరణాల పౌర నమోదు మొదలైంది. 1839లో ఆ కార్యాలయంలో చేరిన విలియం ఫార్, 1847 నాటి ఫ్లూను పరిశీలిస్తూ ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తించాడు. ఫ్లూ పేరుతో నమోదైన మరణాలు కొన్నే. కాని ఆ వారాల్లో మొత్తం మరణాలు మామూలు స్థాయిని ఎంతో మించిపోయాయి. ఆ అదనపు మరణాలే ఫ్లూ అసలు భారాన్ని తెలిపాయి. 1963లో రాబర్ట్ సెర్‌ఫ్లింగ్ ఇదే ఆలోచనకు గణితరూపం ఇచ్చాడు. వ్యాధి విజృంభించని వారాల లెక్కలతో ఋతుచక్రాన్ని సూచించే ఒక మూలరేఖ గీస్తారు. ఆ రేఖను మించిన భాగాన్ని వ్యాధి భారంగా తీసుకుంటారు.

1918లో మన దేశానికి ఈ అవసరం తీవ్రంగా ఎదురైంది. ఆ ఏడాది జూన్‌లో బొంబాయిలో మొదలైన ఫ్లూ, సెప్టెంబరు తరువాత రెండో దశలో దేశమంతటా వ్యాపించింది. దేశంలో కోటికి పైగా మరణాలు సంభవించాయని అంచనాలు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో గ్రామ మరణాలను మునసబు నమోదు చేసేవాడు. ఆ రిజిస్టర్లలో కలరా, మశూచి, ప్లేగులకు వేరువేరు గడులు ఉండేవి. ఫ్లూ మరణాలు ఎక్కువగా ‘జ్వరాలు’ అనే గడిలోకే చేరాయి. అందువల్ల పరిశోధకులు ఆ గడి అకస్మాత్తుగా ఉబ్బిన తీరును బట్టి ఫ్లూను గుర్తించవలసి వచ్చింది. నిజాం రాష్ట్రంలో 1911 జనగణన ప్రకారం 1.33 కోట్లకు పైగా ఉన్న జనాభా 1921 నాటికి సుమారు 1.25 కోట్లకు తగ్గింది. ఈ తగ్గుదలకు ఫ్లూతో పాటు ప్లేగు, కరవు కూడా కారణాలే. జనగణన నష్టాన్ని చూపింది కాని ఏ నెలలో, ఏ వ్యాధి వల్ల అన్నది విడదీయలేకపోయింది.

3. ఆసుపత్రి, బీమా, చెల్లింపు:
1915లో ఎర్రమంజిల్‌లో అంటువ్యాధుల ఆసుపత్రిగా ఆరంభమై తరువాత నల్లకుంటకు మారిన సంస్థను నగరవాసులు నేటికీ ‘కోరంటి దవాఖానా’ అంటారు. ‘క్వారంటైన్’ అనే ఆంగ్లపదం జనం నోట ‘కోరంటి’గా మారింది. అంటువ్యాధి లెక్కకు ఇటువంటి ఆసుపత్రి రిజిస్టరు మంచి ఆధారమే. అయితే అది ఆసుపత్రి గడప తొక్కినవారిని మాత్రమే చూపుతుంది.

1957లో ఆసియా ఫ్లూ మద్రాసు రేవు ద్వారా దేశంలో ప్రవేశించింది. 1958 ఫిబ్రవరి నాటికి సుమారు 44.5 లక్షల కేసులు, 1,100 వరకు మరణాలు నమోదయ్యాయి. అప్పటికి కార్మిక రాజ్య బీమా పథకం (1948 చట్టం, 1952లో అమలు) ద్వారా ఒక కొత్త తరహా రికార్డు వచ్చింది. అందులో రోగికి వైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా నగదు చెల్లిస్తారు. రోగానికీ రొక్కానికీ మధ్య ఏర్పడిన ఈ ముడే నేటి బిల్లుల సమాచారానికి మూలం.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ముడిని భారీ స్థాయికి తీసుకువెళ్ళింది. ముందస్తు అనుమతి, చికిత్స, డిశ్చార్జి, చెల్లింపు అన్నీ కంప్యూటరులో నమోదయ్యాయి. కాని ఆ పథకం ప్రధానంగా ఖరీదైన శస్త్రచికిత్సలకు, ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. మూడు రోజుల జ్వరానికి అందులో చోటు లేదు.

4. బిల్లు ఎప్పుడు సాక్ష్యమవుతుంది?
అమెరికాలో బాహ్యరోగి చికిత్సకు కూడా వ్యాధి సంకేతం లేనిదే బీమా సంస్థ చెల్లించదు. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదో కూర్పులో ఫ్లూకు జె–09 నుంచి జె–11 వరకు సంకేతాలున్నాయి. 2014లో సెసిల్ విబూ బృందం, 2003–2010 మధ్య అమెరికా వైద్యబిల్లులను (అప్పటి తొమ్మిదో కూర్పు సంకేతాలతో) విశ్లేషించి, అవి ప్రభుత్వ ఫ్లూ నిఘా లెక్కలతో బాగా సరిపోలాయని చూపింది. నగరస్థాయి వివరం కూడా అందులో లభించింది.

ఇక్కడ ఒక సందేహం సహజం. వైద్యుడు ప్రతి రోగికీ సరైన సంకేతమే రాస్తాడా? రాయకపోవచ్చు. కాని పొరపాటు ప్రతి ఏటా ఒకే పాళ్ళలో జరిగితే ఎత్తుపల్లాల తీరు మారదు. పొరపాటు పాళ్ళే మారితే ప్రమాదం. చెల్లింపు ధర పెరిగినా, పరీక్ష తప్పనిసరి చేసినా, వార్తల వల్ల భయం వ్యాపించినా వ్యాధి పెరగకుండానే లెక్క పెరుగుతుంది. 2008లో మొదలైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ అనుభవం ఇందుకు హెచ్చరిక. అంతర్జాల శోధనల ఆధారంగా అంచనా వేసిన ఆ పద్ధతి 2012–13 శీతకాలంలో వ్యాధిని బాగా ఎక్కువ చేసి చూపింది. 2015లో దానిని నిలిపివేశారు.

5. పెద్ద అంబర్‌పేట్ నుంచి చూస్తే:
విజయవాడ జాతీయ రహదారి, బాహ్యవలయ రహదారి కలిసే చోట ఉన్న పెద్ద అంబర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వరకు కార్మికులు, హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు, వలస కుటుంబాలు కలిసి జీవిస్తున్నారు. ఇటువంటి చోట జ్వరం వచ్చిన మనిషి సాధారణంగా మొదట మందుల దుకాణానికి, తరువాత ఆర్.ఎం.పి. వద్దకో చిన్న క్లినిక్‌కో వెళతాడు. అక్కడ నగదు చేతులు మారుతుంది. వ్యాధి సంకేతం ఎక్కడా నమోదు కాదు. ఊపిరి అందక ఎల్.బి. నగర్‌లోని పెద్ద ఆసుపత్రిలో చేరినప్పుడే బీమా బిల్లు పుడుతుంది. అప్పటికి వ్యాధి ఆ బస్తీలో ఎందరికో సోకి ఉంటుంది. బిల్లు తెలిపేది వ్యాధి ఆరంభాన్ని కాదు, దాని తీవ్రతను.

ఈ లోపం కేవలం విద్యావిషయికం కాదు. 2009 మే నెలలో దేశంలోని తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులోనే, అదీ విదేశం నుంచి వచ్చిన విమాన ప్రయాణికుడిలో బయటపడింది. విమానాశ్రయం వద్ద నిఘా ఉండబట్టి అది తెలిసింది. 2015 ఆరంభంలో అదే వైరస్ తెలంగాణలో విజృంభించినప్పుడు వ్యాధి బయట నుంచి కాక బస్తీల మధ్య నుంచే వచ్చింది. ఆ ఏడాది దేశంలో 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. దేశంలో ఫ్లూకు వానాకాలంలో ఒకటి, జనవరి–మార్చి మధ్య ఒకటిగా రెండు ఉద్ధృతులు కనిపిస్తాయి. ఒక నగరంలో ఏది బలమైనదో తెలియాలంటే ఏటేటా వారాల వారీ లెక్క కావాలి.

6. ముగింపు:
మునసబు రిజిస్టరు మరణాన్ని నమోదు చేసింది; కార్మిక బీమా కోల్పోయిన పనిదినాన్ని నమోదు చేసింది; ఆరోగ్యశ్రీ ఖరీదైన చికిత్సను నమోదు చేసింది. ఏది చెల్లింపుకో పరిపాలనకో అవసరమైతే అదే కాగితమెక్కింది. పనికి వెళ్ళలేక మూడు రోజులు మంచమెక్కిన కూలీ జ్వరం మాత్రం ఏ రిజిస్టరులోకీ రాలేదు. 2018 నుంచి హైదరాబాదులో నడుస్తున్న బస్తీ దవాఖానాల వంటి చోట రోజువారీ చీటీలో ‘జ్వరం, దగ్గు’ అనే ఒక గడిని క్రమం తప్పక నింపితే, పేర్లు, చిరునామాలు తొలగించిన ఆ వారపు మొత్తమే బిల్లు కంటే ముందుగా హెచ్చరించగలదు. రోగుల వ్యక్తిగత వివరాలకు రక్షణ కల్పించడం అందులో విడదీయరాని భాగం కావాలి. ఫార్ చేతిలో ఉన్నవి పరిపూర్ణమైన లెక్కలు కావు. ఎడతెగకుండా రాసిన లెక్కలు. తెలుగు ప్రాంతాలకు నేడు కావలసినవి కూడా అవే.