స్కిజోఫ్రెనియాలో మస్తిష్క అర్ధగోళాల అనుసంధానం

స్కిజోఫ్రెనియా ఉన్నవారి మెదడులో కుడి, ఎడమ అర్ధగోళాల మధ్య సంకేతాలను చేరవేసే నాడీ మార్గాల నిర్మాణానికి, పనితీరుకు సంబంధించిన అధ్యయనాంశం. ఈ రాకపోకల్లో అధిక భాగం కార్పస్ కల్లోసమ్ ద్వారా సాగుతుంది. సుమారు 10 సెంటీమీటర్ల పొడవున్న ఈ తెల్లని పట్టీలో దాదాపు 20 కోట్ల నాడీతంతువులు ఉంటాయి. 1972లో రోజెంతాల్, బిగెలో అనే పరిశోధకులు మరణానంతర పరీక్షల్లో దీర్ఘకాలిక రోగులకు ఈ పట్టీ మందంగా ఉన్నట్లు గుర్తించారు. తరువాతి ఎమ్మారై అధ్యయనాలు ఇందుకు భిన్నంగా, దాని వైశాల్యం సగటున కొంత తక్కువని చూపాయి. 2018లో వెలువడిన ఎనిగ్మా అనే పరిశోధన బృందపు అధ్యయనం 1,963 మంది రోగులను 2,359 మంది ఆరోగ్యవంతులతో పోల్చింది. తంతువుల వెంబడి నీటి అణువులు ఎంతమేరకు ఒకే దిశలో కదులుతాయో తెలిపే సూచిక రోగుల్లో తగ్గింది. కార్పస్ కల్లోసమ్ ముందు, మధ్య భాగాల్లో ఈ తేడా ప్రస్ఫుటం. తంతువులను కప్పి ఉంచే మైలిన్ పొర లోపం ఇందుకు ఒక కారణం కావచ్చు. అయితే ఈ తేడాలన్నీ సమూహాల సగటులే. స్కాన్‌ను బట్టి ఒక వ్యక్తికి వ్యాధి నిర్ధారణ చేయరు.