వాకిట్లో వాటం: నిజాంసాగర్ నీళ్లు నేర్పిన పాఠం

పోయిన శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే బియ్యం డబ్బా జరిపితే వెనక గోడ మెత్తగా చేతికి తగిలింది. గిలాబు పొక్కులు లేచింది, కింద తెల్లగా ఉప్పు పూసింది. డబ్బా పక్కన పెట్టిన సంచిలో అడుగు బియ్యం ముక్కిపోయాయి. మేస్త్రీని పిలిస్తే చెమ్మ ఆపే రంగు వేస్తే చాలన్నాడు. వేయించాం. రెండు నెలలకే అదీ పెచ్చులుగా రాలింది.

మా అత్తమ్మ గోడ వంక చూడనే లేదు. వాన పడుతుంటే గొడుగేసుకుని వాకిట్లో నిలబడి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసింది. "నీళ్లకు తొవ్వ లేదు బిడ్డా, అందుకే ఇంట్లకొస్తున్నయ్" అంది.

ఆ మాట మా గోడకే కాదు, మా బోధన్ ప్రాంతం మొత్తానికీ సరిపోతుంది. ఎలాగో చెబుతాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఆపడానికి నగరానికి పైన జలాశయాలు కట్టమని ఆయన చెప్పారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అయితే ఆయన పని అక్కడితో ఆగలేదు. నగరంలోని మురుగు నీరు బయటికి పోయే ఏర్పాటుకూ పథకం గీశారు. నీళ్లను ఆపడం ఒక పని, పంపడం ఇంకో పని. రెండూ ఉంటేనే ఇల్లయినా ఊరయినా నిలుస్తుంది.

మన దిక్కు కథ మంజీర మీద మొదలైంది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లక్ష్యం. జొన్న పండే నేలల్లోకి వరి, చెరకు వచ్చాయి. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి కాలువల కింద భూములు కొన్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తాం. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది కానీ కాలువ మాత్రం మన బతుకులో అలాగే ఉంది.

కాలువ నీళ్లు అన్నం పెట్టాయి, అందులో అనుమానం లేదు. కానీ నల్లరేగడి గుణం వేరు. నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. తాగిన నీటిని తొందరగా కిందికి వదలదు. మహారాష్ట్రలో నీరా కాలువ కింద చెరకు రైతులకు ఇదే అనుభవం. నీళ్లు ఎక్కువై, బయటికి పోయే దారి లేక, మంచి భూములు జౌకెక్కి ఉప్పు తేలాయి. మా గోడ మీద పూసిన ఉప్పూ అలా వచ్చిందే. మట్టిలోని చెమ్మ గోడలోకి ఎక్కి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే పాత ఇళ్లలో పునాదిని మోకాలెత్తు లేపేవాళ్లు. వాకిలి మధ్య నుంచి మోరీ దాకా వాటం ఇచ్చేవాళ్లు. చూరు నీళ్లు పడేచోట బండలు పరిచేవాళ్లు. జాలారి నీళ్లు పెరట్లో అరటి చెట్ల దాకా పోయేవి. రోజూ సాన్పు చల్లి ఊడ్చే ఆడవాళ్లకు వాకిట్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూడకుండానే తెలిసేది.

మరి మా ఇంట్లో ఎక్కడ తప్పింది? వీధిలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. మా వాకిలి ఇప్పుడు రోడ్డు కంటే జానెడు కింద ఉంది. పాత మోరీ మూసి మేమే సిమెంటు చేయించుకున్నాం, అదీ గోడ వైపు వాలింది. పైగా స్లాబు నీళ్లన్నీ ఒక్క గొట్టంలోంచి గోడ మొదట్లో పడుతున్నాయి. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్ల పైనే నీళ్లవుతాయి. అవన్నీ పునాదే తాగాలి కదా!

ఈసారి రంగు జోలికి పోలేదు. ముందు నీళ్ల గొట్టంతో మట్టం చూపించాం. గోడ పక్క నల్లమట్టి తీయించి, మొరం పోసి దిమ్మిస కొట్టించాం. దానిమీద మూడడుగుల వెడల్పున షాబాద్ బండలు పరిచాం. గోడ నుంచి పది అడుగుల దూరానికి ఆరు అంగుళాల వాటం వచ్చేలా వాకిలి సరిచేశాం. గేటు దగ్గర చిన్న కట్ట కట్టి రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా చేశాం. స్లాబు గొట్టాన్ని పక్క సందు మోరీలోకి కలిపి, పెరటి వెనక ఒర్రె వైపు తిప్పాం. పక్కింటి గోడ మీదికి పోకుండా చూసుకున్నాం, మన చెమ్మ వాళ్లకు అంటగట్టకూడదు కదా. ఇంకుడు గుంత ఇంటి పక్కనే తవ్వుదామన్నారు, నేను వద్దన్నాను. రేగడిలో నీళ్లు ఇంకడం ఆలస్యం, అది గోడ పక్కనుంటే పునాదికే చేటు. ఆ వేసవంతా గోడ ఆరనిచ్చి, పాత గిలాబు గీకేసి, ఆ తర్వాతే కొత్తది వేయించాం.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. మొదట్లో ముప్పై టీఎంసీల దాకా పట్టిన నిజాంసాగర్‌ను మంజీర తెచ్చిన ఒండ్రు పూడ్చేసింది. తర్వాత నీటి మట్టం పెంచినా ఇప్పుడు పట్టేది పద్దెనిమిది టీఎంసీలలోపే. అంత పెద్ద సాగరానికే పూడిక తప్పనప్పుడు మన జానెడు మోరీ ఎంత? అందుకే మృగశిర కార్తె ముందు మోరీ తీయడం మా ఇంట్లో ఇప్పుడు పండుగ పనుల్లో ఒకటి.

ఈసారి వాన పడితే మీరూ ఐదు నిమిషాలు గొడుగేసుకుని వాకిట్లో నిలబడండి. అత్తమ్మ చేసిందీ అంతే. బియ్యం డబ్బా మళ్లీ పాత చోటికే చేరింది. గోడ పొడిగా ఉంది.