తేలికమాట ఎవరికి తేలిక?

నిఘంటువుల చరిత్రను పండితుల చరిత్రగా చదవడం మనకు అలవాటు. బడి మానేసిన పిల్లల చరిత్రగానూ చదవాలంటాను. ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మైకేల్ వెస్ట్ 1926లోనే అడిగాడు: మధ్యలో చదువు ఆపిన బెంగాలీ విద్యార్థికి అంతవరకు నేర్చిన ఇంగ్లీషు ఏ మేరకు అక్కరకొస్తుంది? 1935లో ఎండికాట్‌తో కలిసి ఆయన కూర్చిన నిఘంటువు 24,000 పదాలకూ పలుకుబళ్లకూ 1,490 మాటల్లోనే అర్థాలు చెప్పింది. వివరణ మూలపదంకన్నా కఠినం కారాదన్న ఆ దృష్టి ప్రజాస్వామికమైనది.

అయితే తేలికను తేల్చేదెవరు? అంతకుముందే 1921లో అమెరికాలో థార్న్‌డైక్ 10,000 మాటలకు వరస కట్టింది, ప్రధానంగా అచ్చులో అవి ఎంత తరచుగా కనిపిస్తాయో లెక్కించే. నా తరగతిలోని రైతుబిడ్డకు నాగలి తెలుసు. 'ప్లౌ' అర్థం కష్టం కాదు. పలుకులో వినబడని జి, హెచ్ అక్షరాలే కష్టం. ఆ బిడ్డ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోని పదాల వర్గీకరణ శాస్త్రీయం కాజాలదు.