క్వార్టర్ ఆయన పేరునే, జీతం ఆయన ఖాతాలోనే: ఇంట్లో హింస ఉంటే ఎవరిని అడగాలి?

గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ... సింగరేణి కార్మికవాడల్లో చాలా కుటుంబాలకు కంపెనీ క్వార్టరే ఇల్లు. అది ఉద్యోగి పేరున అలాట్ అవుతుంది. జీతమూ ఆయన ఖాతాలోనే పడుతుంది. అందుకే ఇంట్లో దెబ్బలు తింటున్న మహిళను మూడు భయాలు ఆపుతుంటాయి. గెంటేస్తే ఎక్కడుండాలి? ఇల్లెలా గడవాలి? ఫిర్యాదు చేస్తే ఆయన జైలుకు పోతాడా? ఈ మూడింటికీ చట్టంలో జవాబులున్నాయి.

దేన్ని గృహహింస అంటారు?

2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, అవమానించడం, లైంగికంగా బలవంతపెట్టడం, ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం, నగలు లాక్కోవడం కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. భార్యే కాదు, అదే ఇంట్లో ఉండే తల్లి, అక్కచెల్లెళ్లు, సహజీవనంలో ఉన్న మహిళ కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

క్వార్టర్ నా పేరున లేదు. పొమ్మంటే పోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, మీరు కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు మీకు ఉంటుందని 17వ సెక్షన్ చెబుతోంది. మిమ్మల్ని బయటికి పంపొద్దని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఆయన రిటైరై క్వార్టర్ కంపెనీకి అప్పగించాల్సి వస్తే, అదే స్థాయిలో వేరే ఇల్లు చూపాలనో, అద్దె కట్టాలనో కోర్టును అడగవచ్చు.

ఖర్చులకు డబ్బు ఇవ్వడం మానేస్తే?

మీకు, పిల్లలకు నెలనెలా ఖర్చులు, వైద్యం ఖర్చు ఇవ్వాలని కోర్టు ఆదేశిస్తుంది. ఆయన కట్టకపోతే జీతంలో కొంత భాగాన్ని నేరుగా మీకు ఇవ్వాలని, లేదా కోర్టులో జమ చేయాలని ఉద్యోగం ఇచ్చిన సంస్థనే మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 20వ సెక్షన్‌లో ఈ వీలుంది. నెల జీతం మీద బతికే బొగ్గు బెల్టులో ఇది చాలామందికి తెలియని, బాగా పనికొచ్చే నిబంధన.

ఫిర్యాదు చేస్తే వెంటనే అరెస్టు చేస్తారా?

ఈ చట్టం కింద వేసే దరఖాస్తుతో అరెస్టు ఉండదు. రక్షణ, ఇల్లు, ఖర్చులు, పిల్లల సంరక్షణపై కోర్టు ఆదేశాలిస్తుంది. రక్షణ ఉత్తర్వును ఆయన ఉల్లంఘిస్తేనే అది నేరం. ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. భర్త, అత్తింటివారి క్రూరత్వంపై పోలీసు కేసు వేరు. అది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ (పాత 498ఏ) కింద నడుస్తుంది. అందులో మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఒకటి వేస్తే రెండోది వేయకూడదన్న నియమం లేదు.

మొదటి ఫోన్ ఎవరికి?

- ప్రాణభయం ఉంటే 112 లేదా 100.
- మహిళల హెల్ప్‌లైన్ 181. ఇక్కడి నుంచి సఖి కేంద్రానికి కలుపుతారు. కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, న్యాయ సాయం, ఐదు రోజుల వరకు వసతి సఖిలో ఒకేచోట దొరుకుతాయి.
- పిల్లల కోసం 1098.
- లాయర్ కోసం 15100. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంటుంది.

మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారి మీ మాట విని గృహహింస నివేదిక రాసి మేజిస్ట్రేట్‌కు పంపుతారు. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ తేదీ ఇవ్వాలని, 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ప్రమాదం ఉందని తేలితే అవతలివారు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు.

ఆసుపత్రిలో ఏం చెప్పాలి?

జరిగింది జరిగినట్టే చెప్పండి. ‘బాత్రూంలో జారిపడ్డా’ అంటే కేస్‌షీట్‌లో అదే ఉంటుంది, రేపు కోర్టులో అదే అడ్డం వస్తుంది. గాయాల ఫొటోలు, మందుల చీటీలు దాచండి. ఆధార్, రేషన్ కార్డు, మెడికల్ కార్డు, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు నమ్మకమైనవారి దగ్గర పెట్టండి. ఆయన మీ ఫోన్ చూస్తారనుకుంటే, డ్యూటీకి వెళ్లిన షిఫ్టు టైములో పక్కింటి ఫోన్ నుంచి మాట్లాడండి. లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి.

బాధపడుతున్నది పిల్లలైతే?

పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసిన ఎవరైనా, బంధువైనా, టీచరైనా, డాక్టరైనా పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై కేసు ఉండదు.

పాప లేదా బాబు వాంగ్మూలాన్ని ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు మహిళా డాక్టరే పరీక్ష చేయాలి. ‘పెద్దమనుషుల్లో మాట్లాడి సర్దుకుందాం’ అనే మాటకు ఇక్కడ తావు లేదు. పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా నేరమే.

సంరక్షణలో ఉన్నవారే పిల్లల్ని కొట్టి హింసిస్తుంటే 2015 బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. 1098కి చెబితే విషయం బాలల సంక్షేమ సమితికి చేరుతుంది.

పక్క క్వార్టర్‌లో అరుపులు వినిపిస్తే?

మీరూ రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు మీపై ఏ బాధ్యతా పడదు. ఆమెతో మాట్లాడే వీలుంటే ‘ఇన్నాళ్లు ఎందుకు భరించావు’ అని అడగకండి. ఆయన ముందు ఈ విషయం ఎత్తకండి. ‘నీ మాట నమ్ముతున్నా, ఏ వేళప్పుడైనా మా తలుపు కొట్టు’ అని చెప్పండి. 181 నంబర్‌ను ఆమె ఫోన్‌లో వేరే పేరుతో సేవ్ చేసి ఇవ్వండి. ఎప్పుడు వెళ్లాలో, ఏ కేసు వేయాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. ప్రాణాపాయం కనిపిస్తే మాత్రం ఆగొద్దు, 112కు ఫోన్ చేయండి.