కంపైలర్

‘కంపైల్ అవట్లేదు’ అన్నది ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేచోట రోజూ వినపడే మాట. ‘కంపైల్’ అనే మాట మూలం లాటిన్‌లో ఉంది. దోచి పోగేయడమని అక్కడి అర్థం. ఇంగ్లిష్‌లోకి వచ్చాక నలుగురి రాతలూ ఏరి ఒక పుస్తకంగా కూర్చడం అనే అర్థం వచ్చింది. 1952లో కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ తన ఏ-0 ప్రోగ్రామ్‌ను కంపైలర్ అన్నారు. టేపు మీదున్న చిన్న ప్రోగ్రాములను ఏరి కూర్చేది గనుక ఆ పేరు చక్కగా అతికింది.

నేటి కంపైలర్ కూడా మీ కోడ్‌లోని పేర్లను వెతికి కలుపుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్ భాషలో ‘అన్‌రిజాల్వ్డ్ రిఫరెన్స్’ అని ఎర్రగా కనిపించిందంటే, మీరు రాసిన పేరు కంపైలర్‌కు ఎక్కడా దొరకలేదన్నమాట. అక్షరం తప్పి ఉండొచ్చు, ఇంపోర్ట్ లైను మరిచి ఉండొచ్చు, గ్రేడిల్ అనే బిల్డ్ పరికరపు ఫైల్లో ఆ లైబ్రరీ చేర్చకపోయి ఉండొచ్చు. ఒక్క పేరు దొరక్కపోతే దాన్ని నమ్ముకున్న లైన్లు కూడా తప్పులుగానే కనిపిస్తాయి. ఆ పొడవాటి జాబితా చూసి బెదరకండి. మొట్టమొదటి ఎర్రర్‌ను పూర్తిగా చదివి, దాన్ని సరిచేసి, మళ్లీ బిల్డ్ కొట్టండి.