ఐదు రంగుల సెలవులు

పండగ నెలలొచ్చాయంటే మన సాఫ్ట్‌వేర్ జనానికి ఒకటే గోల. ఆఫీసు, ఇల్లు, చుట్టాలు, స్నేహితులు.. అన్నిటినీ "బ్యాలెన్స్" చేసుకోవాలిట. టైం సరిగ్గా ప్లాన్ చేసుకుంటే అన్నీ కుదురుతాయని ఏటా ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. నాకైతే ఇది ఒక్కడు కూర్చుని తేల్చుకునే లెక్కలా అనిపించదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. భయపడకండి, పరీక్షలో అడిగే చరిత్ర కాదు.

ముందు ఇంగ్లండు సంగతి. 1647లో అక్కడ పార్లమెంటు ప్యూరిటన్ల చేతిలో ఉండగా క్రిస్మస్, ఈస్టర్ లాంటి పండగలన్నీ రద్దు చేసేశారు. బైబిల్లో లేని పండగలివి, పైగా వీటి పేరు చెప్పి జనం తాగి తందనాలాడుతున్నారు అని వాళ్ళ వాదన. మరి పండగలు తీసేస్తే పనివాళ్ళకి సెలవెలా? దానికీ ఓ దారి చూపించారు. నెలనెలా రెండో మంగళవారం పనివాళ్ళకీ, పని నేర్చుకునే కుర్రాళ్ళకీ ఆటవిడుపు. ఏడాదికి పన్నెండు రోజులు! లెక్క ప్రకారం పనివాడికి పెద్ద నష్టమేం లేదు. అయినా జనానికి ఎక్కలేదు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున కాంటర్‌బరీ ఊళ్ళో దుకాణాలు తెరిపించబోతే పెద్ద గొడవే అయింది. తెరిచిన కొట్ల మీద పడి సరుకు వీధిలో పారేశారు. 1660లో రాజరికం తిరిగొచ్చింది, దాంతోపాటే పండగలూ తిరిగొచ్చాయి.

సెలవంటే ఓ సంఖ్య, దాన్ని ఎక్కణ్ణుంచి తీసి ఎక్కడ పెట్టినా ఒకటే అనే ఈ ఆలోచనని దాదాపు మూడొందల ఏళ్ళ తర్వాత ఇంకా పెద్ద ఎత్తున అమలుచేసి చూసింది సోవియట్ యూనియన్.

1929లో యూరీ లారిన్ అనే ఆర్థికవేత్త ఒక ప్రతిపాదన పెట్టాడు. ఆదివారం వస్తే యంత్రాలన్నీ ఖాళీగా పడుంటున్నాయి, ఇది దండగ కదా అన్నాడు. ప్రభుత్వానికి నచ్చింది. ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది, అక్టోబరు నుంచి అమల్లో పెట్టడం మొదలుపెట్టారు. వారానికి ఏడు రోజులు కాదు, ఐదే. కార్మికుల్ని ఐదు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో రంగు ఇచ్చారు. పసుపు, గులాబీ, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ. నాలుగు రోజులు పని, ఐదో రోజు సెలవు, కానీ ఒక్కో రంగుకి ఒక్కో రోజు. అంటే ఏ రోజు చూసినా నూటికి ఎనభై మంది పనిలో ఉంటారు. ఏడాదిలో అందరూ ఒకేసారి ఆగేది విప్లవం తాలూకు పండగలు ఐదు రోజులే. మన భాషలో చెప్పాలంటే ఫ్యాక్టరీకి అప్‌టైం అదిరిపోయిందన్నమాట. ఆదివారం పోతే చర్చికెళ్ళడం కూడా తగ్గుతుందని ఇంకో లాభం చూసుకున్నారు.

కార్మికుడి వైపు నుంచి చూసినా కాగితం మీద ఇది మంచి బేరమే. ఏడు రోజులకోసారి వచ్చే సెలవు ఇప్పుడు ఐదు రోజులకే వస్తోంది. ఏడాదికి 52 సెలవులు పోయి 72 వచ్చాయి. ఇంకేం కావాలి?

కావాల్సింది మనుషులు. మొగుడిది పసుపు, పెళ్ళానిది ఆకుపచ్చ, పిల్లల బడిది ఇంకో రంగు. సెలవు రోజున ఇంట్లో ఉంటే పలకరించే దిక్కు లేదు. ఇదేం సెలవు, భార్యాపిల్లలు లేని ఇంట్లో ఏం చేసుకోమంటారు అనే ధోరణిలో వచ్చిన ఫిర్యాదులు సాక్షాత్తూ పార్టీ పత్రిక ప్రావ్దాలోనే అచ్చయ్యాయి. పల్లెల్లో అయితే రైతులు ఈ రంగుల్ని పెద్దగా పట్టించుకోలేదు, వాళ్ళ ఆదివారం వాళ్ళు పాటించుకుంటూనే పోయారు.

మన వృత్తివాళ్ళకి నచ్చే సంగతి ఇంకోటుంది. మనుషులు రోజూ మారిపోతుండటంతో ఫలానా యంత్రం ఫలానావాడిది అనే మాటే లేకుండా పోయింది. పాడైతే నాది కాదంటే నాది కాదు. మరమ్మతు చేసుకోవడానికి అందరూ ఆగే రోజూ లేదు. చివరికి 1931 జూన్‌లో స్టాలినే, పనికి ఎవడూ బాధ్యుడు కాకుండా పోయాడని ఉపన్యాసంలో విసుక్కున్నాడు. అందరి కోడూ ఎవరి కోడూ కాదని మన టీముల్లో అనుకునే మాటే ఇది. ఆ డిసెంబరు నుంచి ఆరు రోజుల వారం పెట్టి, చాలామందికి నెలలో 6, 12, 18, 24, 30 తేదీల్లో ఉమ్మడి సెలవిచ్చారు. 1940 జూన్‌లో ఏడు రోజుల వారం, ఆదివారం సెలవు మళ్ళీ వచ్చేశాయి. అదేదో దయతో ఇచ్చారనుకునేరు! అదే ఉత్తర్వులో పనిగంటలు పెంచారు, చెప్పకుండా పని మానేస్తే శిక్ష అన్నారు.

ఇదే సమయంలో మన దేశం సంగతీ చెప్పుకోవాలి. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి వారాంతపు సెలవు అడిగి, 1890 జూన్ 10న ఆదివారం సెలవు సాధించాడు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలో వారానికో సెలవు అనేది చేరింది. మనం హాయిగా పొద్దెక్కేదాకా పడుకునే ఆదివారం క్యాలెండరుతో పాటు ఊరికే రాలేదన్నమాట. అది ఊరంతటికీ ఒకే రోజు కావడంలోనే దాని విలువంతా ఉంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. మా ఆవిడది ఓరుగల్లు, మాది గోదావరి జిల్లా. ఆవిడకి బతుకమ్మ, దసరా ముఖ్యం. నాకు సంక్రాంతి. ఇద్దరివీ వేర్వేరు కంపెనీలు, వేర్వేరు సెలవుల జాబితాలు, వేర్వేరు క్లయింట్లు. డిసెంబరు చివర్లో క్లయింటు క్రిస్మస్‌కి వెళ్తాడు కాబట్టి ఆఫీసులో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. జనవరి 14 వచ్చేసరికి వాడు ఫ్రెష్‌గా ఉంటాడు, రిలీజ్ అంటాడు. కాంప్ ఆఫ్ ఇస్తాం కదా అంటారు మేనేజర్లు. ఇస్తారు, నిజమే. కానీ ఫిబ్రవరిలో వచ్చే కాంప్ ఆఫ్ రోజున మా ఊళ్ళో భోగిమంటా ఉండదు, అక్కాబావా ఉండరు. బతుకమ్మ అయిపోయిన వారానికి మా ఆవిడకి సెలవిస్తే ఒక్కతే చప్పట్లు కొడుతూ తిరగాలి. రంగు కాగితాలు పంచలేదు గానీ, మా ఇంట్లో ఒకరిది పసుపు, ఒకరిది ఆకుపచ్చ.

అలాగని అందరూ ఒకేసారి ఆగడం కుదరదు. ఆస్పత్రులున్నాయి, కరెంటుంది. పండక్కి మనం ఊరెళ్ళాలంటే ఆర్టీసీ డ్రైవరు తన పండగ మానుకుని స్పెషల్ బస్సు నడపాలి. ఎవరో ఒకరు ఉండాల్సిందే. అయితే అది తప్పనిసరి అయినచోట, వంతులవారీగా ఉండాలి. సోవియట్‌లో చేసిందేమిటంటే ఈ మినహాయింపునే అందరికీ రూలు చేసేశారు.

అందుకే బ్యాలెన్స్ అనే మాట నాకంత నచ్చదు. అది భారమంతా ఒక్కడి నెత్తిన పెడుతుంది. నువ్వు టైం సరిగ్గా వాడుకోలేదు కాబట్టి అమ్మానాన్నల్ని చూళ్ళేకపోయావు అంటుంది. అడగాల్సింది ఇంకోటి. ఈసారి పండక్కి ఎవరు ఉంటారు, పోయినసారి ఎవరున్నారు అన్నది రెండు నెలల ముందే టీమంతా కూర్చుని తేల్చుకోవచ్చు. సంక్రాంతికి మీరుంటే దసరాకి నేనుంటా అనుకోవచ్చు. రిలీజు తేదీ ఖాయం చేసేముందు అమెరికా క్యాలెండరుతో పాటు మన పంచాంగం కూడా క్లయింటుకి చూపించొచ్చు. వాళ్ళ క్రిస్మస్‌ని మనం గౌరవిస్తున్నప్పుడు ఈ మాట అడగడానికి మొహమాటమెందుకు?

ఎన్ని సెలవులున్నాయో హెచ్ఆర్ వాళ్ళు చెప్తారు. అవి ఎవరితో కలిసొస్తాయో మాత్రం మనమే అడిగి తెచ్చుకోవాలి.